నాలుగు గంటల అప్పగింత

3వ తేదీ, సోమవారం

ప్రస్తావన. ఏ పుస్తకమైనా తెరిచేముందు అది ఏ పుస్తకమో ప్రకటించడం సరైన పద్ధతి. ఇది డైరీ కాదు. డైరీలు పెళ్ళికాని పిల్లలూ, పదవి పోయిన పెద్దలూ రాసుకుంటారు. ఇది గృహ సంబంధమైన రిజిస్టరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక కార్యాలయంలో పాత దస్త్రాల గదికి పర్యవేక్షకుడిగా ఉన్న వ్యక్తి, అనగా నేను, ఈ ఇంట్లో తలెత్తిన ఒక వ్యవహారాన్ని తేదీలవారీగా నమోదు చేయు నిమిత్తం దీనిని తెరవడమైనది. ఎడమవైపు రెండంగుళాల ఖాళీ వదలబడును. కొట్టివేతలు ఉండవు. పొరపాటు దొర్లితే సవరణ విడిగా, సంతకంతో జారీ అవుతుంది. దుఃఖానికి ప్రత్యేకంగా గడి గీయలేదు.

వ్యవహారం ఇది. మొన్న శనివారం మధ్యాహ్నం మూడున్నరకు మా పిన్ని పోయింది. వంటగదిలో, స్టూలు మీద కూర్చుని, చేతిలో నీళ్ళ గ్లాసుతో. గ్లాసు పగలలేదు, నీళ్ళు కూడా ఒలకలేదు. అంత జాగ్రత్త గల మనిషి ముందస్తు నోటీసు లేకుండా, చార్జి ఎవరికీ అప్పగించకుండా వెళ్ళిపోవడం ఆశ్చర్యం. మా ఆఫీసులో అటెండరు బదిలీ అయినా తాళాలు, జాబితా, సంతకం అనే మూడూ లేనిదే గేటు దాటనివ్వం. ఆమె మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. దీనిని నమోదు చేయడమైనది.

ఆమె చార్జిలో ఉన్నది మా బాబాయి. వయసు ఎనభై నాలుగు. యుద్ధం రోజుల్లో సరుకు ఓడ మీద పని చేశాడు. ఓడ నడిపే చక్రం పట్టుకుని నిలబడే మనిషి. ఓడ మునిగింది, ఆయన మునగలేదు. మా బంధువుల్లో ఎవరింట పదిమంది చేరినా పెద్దవాళ్ళు ఈ రెండు వాక్యాలూ చెప్పి, పిల్లలచేత ఆయన కాళ్ళ వంక గౌరవంగా చూపించేవారు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే నెలలో పోతే నన్ను తెచ్చి పెంచింది ఈ ఇద్దరే. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నది నేనే, ఉన్నంతలో.

ఓడ పని మానేశాక కూడా బాబాయి డ్యూటీ మానలేదు. రోజూ పగలు పన్నెండింటికి వెనక గదిలోకి వెళ్ళి, కిటికీకి ఎదురుగా వేసిన చెక్కకుర్చీ వెనక నిలబడి, దాని వీపును రెండు చేతులా పట్టుకుంటాడు. కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ, ఒక తూముగొట్టం. నాలుగింటికి పిన్ని లోపలికి వెళ్ళి తలుపు మూసేది. ఒక నిమిషానికి ఆయన బయటికి వచ్చి పడుకునేవాడు. యాభై ఏళ్ళకు పైగా ఇదే. మేము దీన్ని 'బాబాయి డ్యూటీ' అనేవాళ్ళం. ప్రతి ఇంట్లోనూ ఒక గడియారం తేడాగా కొట్టుకుంటుంది. దాన్నెవరూ బాగు చేయించరు.

శనివారం నాలుగింటికి లోపలికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళవలసిన మనిషి హాల్లో చాప మీద ఉంది.

ఆయన ఇంకా ఆ కుర్చీ దగ్గరే ఉన్నాడు. పిన్నిని తీసుకువెళ్ళేటప్పుడు కుర్చీతో సహా హాల్లోకి వచ్చాడు. కుర్చీ వీపు వదలకుండా వంగి ఆమె ముఖం చూశాడు. పాపం పెద్దాయనకు ఆనుకోవడానికి కుర్చీ కావలసి వచ్చిందని జనం అనుకున్నారు. మేమూ అలాగే అనుకోనిచ్చాం. తిరిగి వెళ్ళి, నేలమీద సుద్దతో గీసిన నాలుగు గుర్తుల్లో కుర్చీ నాలుగు కాళ్ళూ సరిగ్గా కుదిర్చి నిలబడ్డాడు. స్నానాల గదికి కుర్చీతో వెళ్తున్నాడు, కుర్చీతో వస్తున్నాడు. వెనక ఎత్తు స్టూలు వేస్తే దాని మీద ఆనుతున్నాడు గానీ చేతులు తీయడు. తల వాలిన ప్రతిసారీ ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాడు.

రెండు రోజులైంది. నేను యథావిధిగా ఆఫీసుకు హాజరయ్యాను.

4వ తేదీ, మంగళవారం

ఆఫీసులో తెల్ల కాగితం తీసుకుని, "ఇందుమూలముగా తమరిని చక్రం విధుల నుండి తక్షణమే విముక్తులను చేయడమైనది" అని రాసి, గుండ్రటి ముద్ర, పొడుగు ముద్ర రెండూ వేసి ఇంటికి తెచ్చాను. ఆఫీసు ముద్రను సొంత పనికి వాడటం నిషిద్ధం. నన్ను నేను మౌఖికంగా మందలించుకున్నాను.

బాబాయి కాగితం ఆసాంతం చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"మంచి దస్తూరీరా నీది" అన్నాడు.

"అయితే రా బాబాయ్, పడుకుందువు గానీ."

"ఎవరూ రాలేదుగా" అన్నాడు.

నేనక్కడ నిలబడే ఉన్నాను.

5వ తేదీ, బుధవారం

సెలవు పెట్టాను. డాక్టరు వచ్చాడు. మా వీధి చివర ఉంటాడు, కుర్రవాడు, చెప్పులు విడిచి లోపలికి వస్తాడు. నాడి చూశాడు, కళ్ళు చూశాడు, బాబాయి వేళ్ళు ఒక్కొక్కటే కుర్చీ మీంచి తీయాలని చూశాడు. ఐదోది తీసేసరికి మొదటిది మళ్ళీ పట్టుకుంది.

బయటికి వచ్చి, "నిద్రమందు ఇస్తే గుండె ఆగొచ్చండి" అన్నాడు.

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఆగుతుంది." చెప్పులు వేసుకున్నాడు. "సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ పడుకోకపోతే సాయంత్రం ఐదింటికి బండి పంపిస్తాను. ఆసుపత్రిలో చేతులు కట్టి, మందు ఎక్కించడమే. ఇంకో దారి లేదండి."

సరే అన్నాను.

ఆలోచించగా, లోపం విధానంలో ఉందని తేలింది. పిన్ని వెళ్ళేది నాలుగింటికి. నేను ఏ గంటకు పడితే ఆ గంటకు వెళ్తున్నాను. కనుక ఇవాళ సరిగ్గా నాలుగింటికి వెళ్ళి తలుపు మూశాను.

నన్ను చూడగానే బాబాయి నిటారుగా నిలబడ్డాడు. ఐదు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలోకి మనిషి వచ్చాడు. కిటికీ మీంచి చూపు తిప్పకుండా, "నూట పన్నెండు" అన్నాడు.

"సరే" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూసిన చూపును వర్ణించుటకు ఈ రిజిస్టరులో వీలు లేదు. కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చెక్క కిర్రుమంది.

పోయిన నెలలో ఒక ఉదయం పిన్ని నాతో ఏదో చెప్పింది. నేను అల్మరాల దుమ్ము గురించిన సర్క్యులరు చదువుతున్నాను. అది ఈ విషయానికి సంబంధించినది కాకపోవచ్చు.

6వ తేదీ, గురువారం

నాలుగింటికి వెళ్ళాను. "నూట పన్నెండు" అన్నాడు. నిన్నటిది మర్యాద చాలలేదేమోనని, "అలాగేనండి, గమనించడమైనది" అన్నాను.

ఏడ్చాడు. చేతులు ఖాళీ లేవు కనుక కళ్ళు తుడుచుకోలేదు.

7వ తేదీ, శుక్రవారం

నా భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను. అది కదులుతున్నంతసేపూ ఈ ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మా కాపురం సజావుగా సాగడానికి అదొక కారణం.

"అత్తయ్యగారు లోపలికెళ్ళి ఏం చేసేవారో నీకైనా తెలియదా?" అని విచారణ ప్రారంభించాను.

"నాలుగింటికి నేను మిషను మీదుంటాను. ఆవిడ తలుపేసుకునేవారు. మీరు ఆవిడ పెంచిన కొడుకు. మీకు తెలియనిది నాకెలా తెలుస్తుంది?"

"నేను ఆఫీసులో ఉంటాను కదా."

"మీరు ఇంట్లో ఉన్నా ఆఫీసులోనే ఉంటారు." దారం పళ్ళతో తెంపింది. "ఓ పని చెయ్యండి. మామయ్యగారు ఓడ మనిషి. కెప్టెన్ చెబితే వింటారు. మీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిస్తాను, వెళ్ళి కెప్టెన్‌నని చెప్పండి."

ఇది నిబంధనలకు విరుద్ధం. అరగంట తరవాత తెల్ల చొక్కాతో లోపలికి వెళ్ళాను.

"నేను కెప్టెన్‌ని. ఇక వెళ్ళి పడుకో."

బాబాయి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కెప్టెన్ చక్రం పట్టడురా నాన్నా" అన్నాడు. ఎంత జాలిగా అన్నాడంటే, నేను చొక్కా అక్కడే విప్పేశాను.

నాలుగింటికి మళ్ళీ వెళ్ళి, మళ్ళీ సరే అన్నాను. వచ్చాక మా ఆవిడ అడిగింది.

"ఏమంటారు లోపల?"

"ఒక అంకె చెప్తాడు. నేను సరే అంటాను."

"మీ సరే సంగతి ఆయనకీ తెలిసిపోయినట్టుంది. నాకు కాపురానికొచ్చిన వారానికే తెలిసింది. మీరు సరే అన్నారంటే ఇక ఆ పని జరగదని."

ఈ వ్యాఖ్యను రికార్డులోంచి తొలగించవచ్చు. కానీ కొట్టివేతలు ఉండవని మొదటి పేజీలో ప్రకటించి ఉన్నాను.

పిన్ని గురించి పూర్వ రికార్డు పరిశీలించగా పెద్దగా ఏమీ దొరకలేదు. తెలివి కాస్త తక్కువని మా వాళ్ళ అభిప్రాయం. బాబాయి ఏ మాటంటే ఆ మాటే తిరిగి అనేది. "ఆరింటికి వస్తాను" అంటే "ఆరింటికి వస్తారు" అనేది. "తలుపు గడియ పెట్టలేదు" అంటే "తలుపు గడియ పెట్టలేదు" అనేది, ఆ తరవాత వెళ్ళి పెట్టేది. ఆయన తాన అంటే ఈమె తందాన అని అందరూ నవ్వేవారు. తందాన అన్నది చివరికి ఆమె పేరే అయిపోయింది. నేనూ పిలిచేవాణ్ణి, పన్నెండేళ్ళప్పుడు. "తందాన పిన్నీ, ఆకలేస్తోంది" అంటే, "ఆకలేస్తోంది" అని తిరిగి అని నవ్వుతూ పెట్టేది.

బాబాయి గురించి రెండు వింతలు. టీ తాగడు. ఎదురుగా ఎవరైనా టీ పోస్తే లేచి వెళ్ళిపోతాడు. రెండోది, హాల్లో భోజనాల బల్లకు ఎదురుగా గోడకున్న కాగితం వంక ఎప్పుడూ చూడడు. అది ఓడ మునిగిన నాలుగు నెలలకు జరిగిన విచారణలో ఇచ్చిన నకలు. "దిశ అప్పగించబడినది. తిరిగి పలుకబడినది. ఇతనియందు దోషము లేదు." పెట్టె అడుగున చెదలు పట్టబోతుంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే అద్దం కట్టించి వేలాడదీశాను. మా ఇంట్లో ఉన్న దస్త్రాలన్నిటిలోకీ అది మేలైనది. భాషలో ఒక్క తప్పు లేదు.

ఆ ఉదయం పిన్ని చెప్పినది ఈ విషయానికి సంబంధించినది కాదని నిర్ధారించడమైనది.

8వ తేదీ, శనివారం

వారం. బాబాయి పెదవులు పగిలాయి. పాలు చెంచాతో పోస్తే మింగుతున్నాడు. నన్ను వేరే ఎవరో అనుకుంటున్నాడు. "పొట్టోడా, నవ్వకురా" అంటున్నాడు. నేను పొట్టివాణ్ణి కాను. నవ్వడం లేదు.

పిన్ని ఫోన్ నంబర్ల పుస్తకంలో 'ఓడ వంటాయన' అని ఒకటి దొరికింది. చేశాను. ఉన్నాడు. రేపు వస్తానన్నాడు.

9వ తేదీ, ఆదివారం

వంటాయన బాబాయి కంటే మూడేళ్ళు చిన్న. చేతికర్ర, చెవి మిషను, బొంగురు గొంతు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"నువ్వేనట్రా దస్త్రాల అబ్బాయివి? నీకు ఏడేళ్ళప్పుడు నిన్ను భుజానేసుకుని ఊరంతా తిప్పాను. నా చొక్కా తడిపావు."

"అందుకు ఆధారాలు లేవు" అన్నాను.

"చొక్కా తెస్తానుండు."

నవ్వుతూనే వెనక గదిలోకి వెళ్ళాడు. లోపల్నుంచి బాబాయి గొంతు ఒక్కసారి వినిపించింది. "టీ పొయ్యకు." అంతే. వంటాయన బయటికి వచ్చినప్పుడు నవ్వు లేదు. భోజనాల బల్ల దగ్గర కూలబడి, చెవి మిషను సర్దుకున్నాడు.

"నాలుగింటికి లోపలికెవరు వెళ్తున్నారు?"

"నేనే."

"ఏమంటున్నాడు?"

"నూట పన్నెండు అంటున్నాడు."

"నువ్వేమంటున్నావు?"

"సరే అంటున్నాను."

"ఓరి నీ సరే మండిపోనూ!" కర్రతో నేలమీద కొట్టాడు. ముందు గదిలో మిషను ఆగింది. "ఎన్నిసార్లు?"

"నాలుగు రోజులుగా."

"నాలుగు రోజులుగా వాణ్ణి నాలుగుసార్లు ముంచావురా. చక్రం దగ్గర సరే అన్న మాట లేదు. వినపడిందని చెప్పడం కాదు, విన్నదేదో అది చెప్పాలి. ఓడ ఏ దిక్కున పోవాలో అంకె చెప్తాడు పాతవాడు. అదే అంకె తిరిగి చెప్తాడు కొత్తవాడు. అప్పుడుగానీ పాతవాడు చేతులు తియ్యడు. తియ్యకూడదు. చచ్చినా తియ్యకూడదు."

మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. వంటాయన ఆమె వంక చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా ఇల్లంతా వినపడింది.

"ఆవేళ మీ బాబాయి పన్నెండు నుంచి నాలుగు దాకా పట్టాడు. నీళ్ళలో బాంబులు పాతేసి ఉన్నాయి. వాటిని ఏరేసిన సన్నదారి ఒకటుంది, దాంట్లోనే పోవాలి. నాలుగుకు పది నిమిషాలుందనగా దారి మళ్ళింది. తొంభై కాస్తా నూట పన్నెండయ్యింది. చక్రం పక్కన పలక మీద అంకె రాస్తారు. ఆ రాయవలసిన ఆఫీసరు పాతది చెరపలేదు. నాలుగింటికి పొట్టోడు వచ్చాడు. మీ బాబాయికి ప్రాణం వాడు. ఇద్దరిదీ ఒకే మంచం, ఒకరు లేస్తే ఒకరు పడుకునేవారు. మీ బాబాయి 'నూట పన్నెండు' అన్నాడు. పొట్టోడు ఏదో నవ్వుతూ ఉన్నాడు. 'సరేలేరా, పో, టీ చల్లారిపోతోంది' అన్నాడు."

చేతికర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వీడు చేతులు తీసేశాడు. వెనక వంటగదికి వచ్చాడు. టీ పోసింది నేనే. పొట్టోడు పలక చూసుకుని తొంభైకి తిప్పాడు. వీడు సగం గ్లాసు తాగాడు."

"విచారణలో తిరిగి పలుకబడినదని ఉంది కదా" అన్నాను. నా వేలు గోడవైపు దానంతటదే లేచింది.

"బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. వాడు తిరిగి చెప్పాడా అని అడిగారు. లేదంటే తప్పు ఇద్దరిదీ. అవునంటే చచ్చినవాడిది ఒక్కడిదే. మీ బాబాయికి ఇరవై రెండేళ్ళు. అవునన్నాడు. నువ్వు విన్నావా అని నన్నడిగారు. వంటగది ఎక్కడ, చక్రం ఎక్కడ! నేనూ విన్నానన్నాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దాన్ని అద్దంలో కట్టించిందెవడు?"

"నేనే."

"బాగా కట్టించావు. దానికెదురుగా కూర్చుని తిన్నాడన్నమాట ఇన్నేళ్ళూ."

తరవాత మా ఆవిడ అడిగింది. "అత్తయ్యగారికి తెలుసా ఇదంతా?"

"పెళ్ళయిన ఏడాదిలోనే ఒకసారి ఇలాగే పట్టుకుని వదల్లేదు. మూడు రోజులు. కబురుపెడితే నేనే వచ్చి చెప్పాను. ఆ పిల్ల విన్నది, విన్నదంతా నాకు తిరిగి చెప్పింది. ఒక్క మాట పోలేదు. ఆ తరవాత వాడేమన్నా తిరిగి చెప్పడం అలవాటు చేసుకుంది, తేడా రాకుండా."

మా ఆవిడ నా వంక చూసింది. తందాన అన్న మాట ఎవరూ అనలేదు.

అప్పటికి ఐదున్నర. నాలుగు దాటిపోయింది. వంటాయన వెంటనే లోపలికి వెళ్ళి "నూట పన్నెండు, నూట పన్నెండు" అని అరిచాడు. బాబాయి ఆయన వంక చూడలేదు. వంటవాడు చక్రం పట్టడు, వేళ కాని వేళ ఎవడూ పట్టడు. రేపు నాలుగు దాకా ఆగాలి. ఐదింటికి బండి.

10వ తేదీ, సోమవారం. ఉదయం

సవరణ.

ఈ రిజిస్టరు మొదటి పేజీలో, మా పిన్ని చార్జి ఎవరికీ అప్పగించకుండా వెళ్ళిపోయినదని చేసిన ఫిర్యాదు ఇందుమూలముగా రద్దు చేయబడినది.

వాస్తవం ఇది. పోయిన నెల పదిహేడున ఉదయం ఆమె ఉతికిన బట్టలు చేతిమీద వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, నాకేమన్నా అయితే నాలుగింటికి నువ్వు వెళ్ళాలి. ఆయన ఒక అంకె చెప్తారు. అదే తిరిగి చెప్పాలి. అంతే. ఇంకేమీ అనకూడదు."

"సరే పిన్నీ."

"ఏం చెప్పానో చెప్పు."

"విన్నాను పిన్నీ. సరే అన్నాగా."

ఆమె కాసేపు నిలబడింది. తడిబట్టల నుంచి ఒక చుక్క సర్క్యులరు మీద పడింది. నేను కాగితం పక్కకు జరుపుకున్నాను. వెళ్ళిపోయింది.

ఈ మాటలు నాకు నిన్న వంటాయన చెప్పాకే గుర్తుకు వచ్చాయి. ఈ వాక్యం నిజమో కాదో తేల్చే రికార్డు లేదు. చుక్క పడిన సర్క్యులరు మాత్రం ఉంది. నిన్న ఆఫీసు సంచిలోంచి తీసి చూశాను. మూడో పేరాలో, మరక.

(సంతకం)

అదే రోజు. సాయంత్రం

మూడు యాభై ఎనిమిదికి తలుపు బయట నిలబడ్డాను. మా ఆవిడ మిషను ఆపి గడియారం చూస్తోంది. పరీక్ష హాలు ముందు నిలబడ్డ పిల్లవాడిలా ఆ అంకెను నోట్లో తిప్పుకున్నాను. గంట కొట్టగానే లోపలికి వెళ్ళి తలుపు మూశాను.

బాబాయి చేతులు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి నిటారు కావడానికి ప్రయత్నించాడు, కాలేకపోయాడు. నాలుగుసార్లు ముంచిన మనిషికి కూడా వేళకు వస్తే అంకె చెప్పాలి. అది పద్ధతి.

"నూట పన్నెండు" అన్నాడు.

"నూట పన్నెండు" అన్నాను.

పక్కింటి తూముగొట్టంలో నీళ్ళు దిగుతున్న చప్పుడు.

"మళ్ళీ."

"నూట పన్నెండు."

"పలక చూడకు."

"పలక చూడను. నూట పన్నెండు."

ఆయన నా ముఖం వెతికాడు. నేను నవ్వడం లేదని రూఢి చేసుకున్నాడు. అప్పుడు వేళ్ళు తీశాడు, ఒక్కొక్కటే. ఎడమచేతి చిటికెన వేలు చివరిది. ఆయన వేళ్ళు తీసినచోట నావి పెట్టాను. చెక్క తడిగా, వెచ్చగా ఉంది.

తలుపు దగ్గర ఆగి, "టీ ఉందా?" అన్నాడు.

తరవాతి విషయాలు నేను చూడలేదు. చేతులు ఖాళీ లేవు. విన్నాను. మా ఆవిడ వంటగదిలోకి పరిగెత్తడం విన్నాను. గిన్నె చప్పుడు, గ్లాసు చప్పుడు. ఆయన టీ తాగుతున్న చప్పుడు, నిదానంగా, గ్లాసు అడుగుదాకా. ఆపైన ఏదో గోడకు రాసుకున్న చప్పుడు. ఆ విచారణ నకలు పటాన్ని గోడవైపు తిప్పి వేలాడదీశాడని మా ఆవిడ తరవాత చెప్పింది. ఐదింటికి బండి వచ్చింది. "పడుకున్నారు, వెళ్ళిపోండి" అని ఆమె అనడం విన్నాను. ఆసుపత్రివాళ్ళ ముందు గుమ్మంలోనే ఏడ్చేసింది.

ఆయన గురక వెనక గది దాకా వినిపిస్తోంది. పదిరోజుల తరవాత ఈ ఇంట్లో ఒక పని సక్రమంగా జరిగింది. దానికి నేను బాధ్యుణ్ణి.

11వ తేదీ, మంగళవారం

లేవలేదు.

డాక్టరు వచ్చి చూశాడు. నిద్రలోనే, తెల్లవారేముందు అన్నాడు. "బాగా పడుకున్నారండి" అన్నాడు.

నేను ఇవ్వకూడనిది ఇచ్చానా అని అడగబోయి మానుకున్నాను.

12వ తేదీ, బుధవారం

అన్నీ అయ్యాయి. వంటాయన వచ్చాడు, వెళ్ళాడు.

13వ తేదీ, గురువారం

సెలవు పొడిగించాను. కారణం: గృహకృత్యములు.

14వ తేదీ, శుక్రవారం

వెనక గదిలో కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని దీనిని రాస్తున్నాను. ఎడమచెయ్యి కుర్చీ మీద ఉంది. నేను కుర్చీని పట్టుకున్నానని మా ఆవిడ అంటోంది. పట్టుకోలేదు. చెయ్యి దాని మీద ఉంది, అంతే. బాబాయిని తీసుకువెళ్ళిన రోజున కూడా అంతే. స్టూలు మీద ఆనితే కునుకు పడుతోంది, పడగానే ఎవరో పిలిచినట్టవుతోంది. ఇది అలసట వల్ల.

ఒక విషయం ఆలస్యంగా దృష్టికి వచ్చింది. నాలుగింటికి పిన్ని తీసుకున్నదాన్ని మర్నాడు పన్నెండింటికి బాబాయే తిరిగి తీసుకునేవాడు. అంటే నాలుగు గంటలు ఆయనవి, ఇరవై గంటలు ఆమెవి. ఆమె కుర్చీ దగ్గర నిలబడలేదు. ఆ అంకెను కొంగున ముడేసుకుని వంట చేసింది, బట్టలుతికింది, నాకు లెక్కలు చెప్పింది, తందాన అని పిలిస్తే పలికింది. యాభై ఏళ్ళు. డ్యూటీ బాబాయిదని మేమందరం అనుకున్నాం.

నన్ను విడిపించడానికి పన్నెండింటికి ఎవరూ రాలేదు. రావలసినవాడు లేడు. రోజూ తలుపు వంక చూస్తున్నాను.

నాలుగింటికి మా ఆవిడ వచ్చింది. చేతిలో కంచం. ఆమె కళ్ళ కింద నలుపు దిగింది.

"ఏమండీ, ఇంకెంతసేపు?"

నిటారుగా నిలబడ్డాను. ఇలా నిలబడతానని నాకు ముందు తెలియదు. కిటికీ వైపు చూస్తూ, "నూట పన్నెండు" అన్నాను.

ఆమెకు అంతా తెలుసు. వంటాయన చెప్పినదంతా గుమ్మంలో నిలబడి విన్నది. కానీ చేతిలో కంచం వేడిగా ఉంది, మనిషి నాలుగు రోజులుగా ఏడ్చి ఉంది, ఇరవై ఆరేళ్ళుగా ఒక సరేతో కాపురం చేసి ఉంది.

"సరే సరే, రండి, చల్లారిపోతోంది" అన్నది.

అనేసి, తానే నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

నా చెయ్యి రాలేదు. నేను తీస్తూనే ఉన్నాను. ఆమె కంచం నేలమీద పెట్టి నా పక్కన నిలబడింది. ఇంకా నిలబడే ఉంది. నాలుగు దాటిపోయింది. రేపటి నాలుగుకు ఎంతో దూరం లేదని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకున్నాం. ఆమె చెప్పింది నేను తిరిగి చెప్పాను.

కావున ఈ ఇంటి వ్యవహారాలను ఇకమీదట ఒక క్రమంలో ఉంచు నిమిత్తం కింది నిబంధన జారీ చేయడమైనది.

ఈ ఇంట్లో మరణించదలచిన వారెవరైనా, తమ చేతిలో ఉన్నదానిని ముందుగా మరొకరికి నోటితో అప్పగించి, ఆ మరొకరు దానిని అక్షరం పోకుండా తిరిగి పలికిన పిదప మాత్రమే మరణించవలెను. అవతలివారు 'సరే' అన్నచో మరణం చెల్లదు, మరణించినవారు వెంటనే లేచి మళ్ళీ అడగవలెను. ఈ నిబంధన ఈ నెల ఒకటో తేదీ మధ్యాహ్నం మూడున్నర నుండి అమలులో ఉన్నట్టు భావించబడును. ఇదే అంతిమం.